ఓటు నుంచి తప్పించుకున్న రెండు పక్షాలు: 1969 కాంగ్రెస్ చీలిక

1969 ఆగస్టు 20న రాష్ట్రపతి ఎన్నిక ఓట్లు లెక్కపెట్టినప్పుడు చివరిదాకా హోరాహోరీగా నిలిచిన ఇద్దరూ తెలుగువారే. ఒకరు అనంతపురం జిల్లా ఇల్లూరులో పుట్టి ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి అయిన నీలం సంజీవరెడ్డి, మరొకరు బరంపురంలో తెలుగు కుటుంబంలో పుట్టి రైల్వే కార్మికోద్యమం నుంచి ఎదిగిన వరాహగిరి వెంకటగిరి. అయినా అసలు పోరు వారిద్దరి మధ్య కాదు. ప్రధానమంత్రి ఇందిరాగాంధీ ఒకవైపు, ఆమె సొంత పార్టీ అధ్యక్షుడు నిజలింగప్ప, ఆయనకు అండగా నిలిచిన కామరాజ్, ఎస్.కె.పాటిల్, అతుల్య ఘోష్, మొరార్జీ దేశాయ్ మరొకవైపు నిలబడి సాగించిన తగాదా అది. దేశమంతా చూస్తుండగా, ఉత్తరాలు పత్రికలకెక్కుతుండగా ఆరు నెలలపాటు నడిచి చివరకు పార్టీని రెండు ముక్కలు చేసింది.

ఈ కథను మనం సాధారణంగా రెండు రకాలుగా వింటూ వచ్చాం. ముసలి నాయకుల గుత్తాధిపత్యాన్ని ఒక ధైర్యవంతురాలు బద్దలు కొట్టిందని కొందరు చెబుతారు. తనను గద్దెనెక్కించిన వారినే ఆమె వెన్నుపోటు పొడిచిందని మరికొందరు చెబుతారు. మా రాయలసీమలో పెద్దతరం వారిలో రెండో మాటే ఎక్కువగా వినిపించేది. నాకు ఈ రెండూ అసంపూర్ణంగా తోస్తాయి. ఆ ఆరు నెలల్లో తగాదాను పార్టీ వేదిక మీదే ఓటుతో తేల్చుకునే సందర్భాలు రెండుసార్లు వచ్చాయి. మొదటిసారి ఓడిన పక్షం ఆ ఓటును లెక్కచేయలేదు, రెండోసారి ఓడిపోతామని తెలిసిన పక్షం అసలు ఓటే జరగనివ్వలేదు. మన పార్టీల నేటి స్థితికి మూలం అక్కడే ఉందని నేను నమ్ముతున్నాను.

పోరు ఎక్కడ మొదలైందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. నెహ్రూ ఆరోగ్యం క్షీణిస్తున్న రోజుల్లో, 1963లో, కామరాజ్, సంజీవరెడ్డి, నిజలింగప్ప, అతుల్య ఘోష్ తిరుపతిలో కలుసుకుని ఆయన తర్వాత ఎవరన్నది మాట్లాడుకున్నారు. పత్రికలు తరువాత సిండికేట్ అని పిలిచిన వర్గానికి పునాది ఆ సమావేశమే. ఒక్కో రాష్ట్రంలో పార్టీ యంత్రాంగం మీద గట్టి పట్టున్న ఈ నాయకులు తలుచుకుంటే ప్రధానమంత్రిని నిలబెట్టగలరని 1964లో లాల్ బహదూర్ శాస్త్రి విషయంలోనూ, 1966లో ఇందిర విషయంలోనూ రుజువైంది. 1966 జనవరిలో పార్లమెంటరీ పార్టీ ఎన్నికలో ఇందిరకు 355 ఓట్లు, మొరార్జీకి 169 ఓట్లు వచ్చాయి. అప్పుడు ఆమె వెనుక నిలిచిన వారే మూడేళ్లకు మొరార్జీతో చేతులు కలిపారు.

ఈ మూడేళ్లలో మారింది వారి బలం. 1967 ఎన్నికల్లో కాంగ్రెస్‌కు లోక్‌సభలో 283 స్థానాలే దక్కాయి, పలు రాష్ట్రాలు చేజారాయి. విరుదునగర్‌లో కామరాజ్, బొంబాయిలో జార్జి ఫెర్నాండెజ్ చేతిలో పాటిల్, బంకురాలో అతుల్య ఘోష్ స్వయంగా ఓడిపోయారు. ప్రజల ఓటు పోయిన నాయకులకు పార్టీ పదవులు మాత్రం మిగిలాయి. హిందూపురం నుంచి గెలిచిన సంజీవరెడ్డి అంతకు ముందు కేంద్రమంత్రిగా ఉన్నా, ఈసారి మంత్రివర్గంలోకి కాక లోక్‌సభ స్పీకర్ పదవిలోకి వెళ్లారు. స్పీకర్ అయ్యాక పార్టీ సభ్యత్వాన్ని వదులుకుని ఒక మంచి సంప్రదాయాన్ని నెలకొల్పారు. దానికి ఇవ్వవలసినంత గౌరవం ఇప్పటికీ ఇవ్వడం లేదన్నది నా బాధ.

1969 మే 3న రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ మరణించారు. ఉపరాష్ట్రపతి గిరి తాత్కాలిక రాష్ట్రపతి అయ్యారు. పైకి చూస్తే అలంకారప్రాయమైన ఆ పదవి కోసం పార్టీ ఇంతగా ఎందుకు చీలిపోయిందంటే, కాంగ్రెస్ మెజారిటీ పలుచబడిన సభలో ఎవరిని ప్రభుత్వం ఏర్పాటుకు పిలవాలన్న నిర్ణయం రేపు రాష్ట్రపతి చేతిలోకి రావచ్చునని ఇరుపక్షాలకూ తెలుసు. సంజీవరెడ్డి రాష్ట్రపతి అయితే తన ప్రభుత్వాన్ని కూల్చి మరొకరిని గద్దెనెక్కిస్తారని ఇందిర అనుమానించారు. ఆ అనుమానం నిరాధారమని నేను చెప్పలేను.

జులై రెండో వారంలో బెంగళూరులో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ (ఏఐసీసీ) సమావేశాలు జరిగాయి. బ్యాంకుల మీద ప్రభుత్వ అదుపు, భూసంస్కరణలు వంటి అంశాలతో ఇందిర తన ఆలోచనలను ఒక నోట్‌గా పంపారు. ఆ నోట్‌ను పార్టీ పెద్దగా వ్యతిరేకించలేదు, తీర్మానం రూపంలో ఆమోదించింది కూడా. అసలు పేచీ జులై 12న పార్లమెంటరీ బోర్డులో వచ్చింది. ఇందిర జగ్జీవన్ రామ్ పేరును ముందుకు తెచ్చారు, సిండికేట్ సంజీవరెడ్డి పేరును పెట్టింది. నలుగురు రెడ్డి వైపు, ఇద్దరు జగ్జీవన్ రామ్ వైపు ఓటు వేశారు. ఆ నలుగురిలో హోంమంత్రి వై.బి.చవాన్ కూడా ఉన్నారు. ప్రధానమంత్రి తన సొంత పార్టీ బోర్డులో, తన మంత్రి ఓటుతో ఓడిపోయారు. అభ్యర్థిని నిర్ణయించే అధికారం ఆ బోర్డుదే, అది నిర్ణయించింది. మొదటి ఓటు ఇదే.

ఆ తర్వాతి వారం రోజుల్లో ఇందిర చూపిన వేగం భారత రాజకీయ చరిత్రలో అరుదైనది. జులై 16న ఆర్థికశాఖను మొరార్జీ నుంచి తప్పించారు. ఆయన ఉపప్రధాని పదవికి కూడా రాజీనామా చేశారు. జులై 19న, రూ.50 కోట్లు మించి డిపాజిట్లున్న 14 బ్యాంకులను జాతీయం చేస్తూ ఆర్డినెన్సు వెలువడింది. దాని మీద సంతకం చేసినది తాత్కాలిక రాష్ట్రపతి గిరి. మరునాడే ఆయన రాజీనామా చేసి స్వతంత్ర అభ్యర్థిగా పోటీకి దిగారు. ఉపరాష్ట్రపతి స్థానమూ ఖాళీ కావడంతో సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి హిదయతుల్లా తాత్కాలిక రాష్ట్రపతి బాధ్యతలు తీసుకోవలసి వచ్చింది. మరోవైపు సంజీవరెడ్డి స్పీకర్ పదవికి రాజీనామా చేసి నామినేషన్ వేశారు. ఆయన పేరును ప్రతిపాదిస్తూ సంతకం పెట్టినది ఇందిరాగాంధీయే.

ఈ సంతకం దగ్గర నా మనసు ఆగిపోతుంది. బ్యాంకుల జాతీయీకరణ మంచిదా కాదా అన్నది వేరే చర్చ. చిన్న రైతుకూ చిన్న వ్యాపారికీ బ్యాంకు గుమ్మం ఎక్కే అవకాశం దానివల్ల పెరిగిందని నేను ఒప్పుకుంటాను. బోర్డు నిర్ణయం నచ్చకపోతే బహిరంగంగా విభేదించి, ప్రతిపాదనపై సంతకం నిరాకరించి, తన అభ్యర్థిని తానే నిలబెట్టి ఉంటే అదీ ఒక పద్ధతే. సంతకం పెట్టిన చేత్తోనే తన ప్రతిపాదిత అభ్యర్థిని ఓడించడం మాత్రం వేరు. ఒక వ్యక్తిని రాజకీయంగా ఓడించడంతో అది ఆగలేదు. పార్టీ చేసే తీర్మానానికి ఇక విలువ లేదని అది తేల్చిచెప్పింది.

ఆమెకు సాకు దొరకడానికి నిజలింగప్పే దారి వేశారు. రాష్ట్రపతి ఎన్నికలో ఓటరు అభ్యర్థులకు ప్రాధాన్యత క్రమం ఇస్తారు. మొదటి లెక్కలో ఎవరికీ కోటా, అంటే గెలవడానికి కావలసినన్ని ఓట్లు, రాకపోతే అట్టడుగున ఉన్నవారి ఓట్లు రెండో ప్రాధాన్యత ప్రకారం మిగిలిన వారికి బదిలీ అవుతాయి. జనసంఘ్, స్వతంత్ర పార్టీలు సి.డి.దేశ్‌ముఖ్‌ను నిలబెట్టాయి కాబట్టి, వారి రెండో ప్రాధాన్యత ఓట్లైనా రెడ్డికి వేయమని నిజలింగప్ప ఆ పార్టీల నాయకులను కలిశారు. ఎన్నికల లెక్కగా చూస్తే అది సహజమైన పనే. రాజకీయంగా అది పెద్ద తప్పిదమైంది. మితవాద పార్టీలతో కుమ్మక్కై ప్రధానమంత్రిని దించడానికి కుట్ర జరుగుతోందంటూ ఇందిర వైపున్న జగ్జీవన్ రామ్, ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ ఆయనను ఉత్తరాలతో నిలదీశారు. పార్టీ అభ్యర్థికే ఓటు వేయాలని ఆదేశించే విప్ జారీ చేయడానికి ఇందిర నిరాకరించారు. ఎవరి అంతరాత్మ ప్రబోధం మేరకు వారు ఓటు వేయవచ్చునన్న మాట అలా వాడుకలోకి వచ్చింది.

ఆగస్టు 16న ఓటింగు జరిగింది. మొదటి ప్రాధాన్యతలో గిరికి 4,01,515, సంజీవరెడ్డికి 3,13,548, దేశ్‌ముఖ్‌కు 1,12,769 ఓట్ల విలువ లభించింది. గెలవడానికి కావలసిన కోటా 4,18,169. ఎవరికీ రాలేదు. రెండో ప్రాధాన్యత ఓట్లు బదిలీ అయ్యాక గిరికి 4,20,077, రెడ్డికి 4,05,427 తేలాయి. నిజలింగప్ప అడిగిన ఆ రెండో ప్రాధాన్యత ఓట్లు చాలావరకు రెడ్డికే వచ్చాయి. రాని ఓట్లు ఆయన సొంత పార్టీవారివి.

ప్రచారంలో ఒక నీచమైన ఘట్టం ఉంది. సంజీవరెడ్డి వ్యక్తిగత జీవితం మీద బురదజల్లుతూ, కింద ఎవరి పేరూ లేని ఒక కరపత్రం పార్లమెంటు సెంట్రల్ హాలులో సభ్యుల చేతికి చేరింది. ఎన్నిక చెల్లదని వేసిన పిటిషన్లు సుప్రీంకోర్టుకు వెళ్లినప్పుడు ఆ కరపత్రం విచారణలో ప్రధానాంశమైంది. పదవిలో ఉన్న రాష్ట్రపతి గిరి స్వయంగా కోర్టుకు వచ్చి సాక్ష్యమిచ్చారు. 1970లో కోర్టు ఆ పిటిషన్లను కొట్టివేసింది. రాష్ట్రపతి సాక్షిగా నిలబడటం న్యాయవ్యవస్థ పట్ల గౌరవానికి గుర్తుగా ఇప్పటికీ కొందరు ప్రస్తావిస్తారు, అది సరైనదే. పార్టీ అంతర్గత తగాదా ఏ స్థాయికి దిగజారిందో ఆ కరపత్రంలోనే కనిపిస్తుందని కూడా చెప్పుకోవాలి.

ఇక రెండో ఓటు సంగతి. శరదృతువు నాటికి ఇందిర పక్షం పార్టీ అధ్యక్షుడిని మార్చాలని, అందుకోసం ఏఐసీసీ ప్రత్యేక సమావేశం జరపాలని సభ్యుల సంతకాలు సేకరించింది. ఇది పార్టీ నిబంధనల ప్రకారం నడిచే దారి. అధ్యక్షుడికి మెజారిటీ ఉంటే సమావేశంలో నిరూపించుకోవచ్చు, లేకపోతే తప్పుకోవచ్చు. నిజలింగప్ప సమావేశం జరపడానికి ఒప్పుకోలేదు. దానికి బదులు కార్యవర్గంలో తన మెజారిటీని కాపాడుకోవడానికి ఇందిర పక్షం సభ్యులను తొలగించారు. నవంబరు 1న ఢిల్లీలో ఒకే పార్టీ కార్యవర్గం రెండు చోట్ల సమావేశమైంది. ఒకటి జంతర్ మంతర్ రోడ్డులోని పార్టీ కార్యాలయంలో, మరొకటి సఫ్దర్‌జంగ్ రోడ్డులోని ప్రధానమంత్రి నివాసంలో. నవంబరు 12న మొదటి కార్యవర్గం ఇందిరాగాంధీని పార్టీ నుంచి బహిష్కరించింది. దేశ ప్రధానమంత్రిని ఆమె సొంత పార్టీ వెళ్లగొట్టింది. పది రోజులకు ఆమె పక్షం జరిపిన ఏఐసీసీకి 705 మంది సభ్యులలో 446 మంది హాజరయ్యారు. నిజలింగప్ప తప్పించుకున్న ఓటు ఫలితం ఏమై ఉండేదో ఆ హాజరు పట్టీయే చెబుతుంది.

క్రమశిక్షణ పేరు చెప్పి సిండికేట్‌ను పూర్తిగా సమర్థించే వారితో నేను ఏకీభవించలేకపోవడానికి కారణం ఇదే. బోర్డులో మెజారిటీ తమదైనప్పుడు ఓటు పవిత్రమని వాదించిన వారు, ఏఐసీసీలో మెజారిటీ అవతలివారిదని తేలగానే తలుపులు మూసుకున్నారు.

ఇలా అన్నంత మాత్రాన అంతకు ముందు కాంగ్రెస్‌లో ఓట్లన్నీ న్యాయంగా అమలయ్యాయని కాదు. 1939 అధ్యక్ష ఎన్నికలో సుభాష్ చంద్రబోస్‌కు 1,580 ఓట్లు, మన భోగరాజు పట్టాభి సీతారామయ్యకు 1,377 ఓట్లు వచ్చాయి. గెలిచిన బోస్‌ను మూడు నెలలకు మించి నిలవనివ్వలేదు. 1950లో ఆచార్య కృపలానీ మీద గెలిచిన పురుషోత్తమ్ దాస్ టాండన్ ఏడాదికి నెహ్రూ కోసం తప్పుకోవలసి వచ్చింది. అయినా ఆ రోజుల్లో ఓటు జరిగేది, లెక్క బయటపడేది, ఎవరి బలం ఎంతో కార్యకర్తకు తెలిసేది. ఓడినవారు బయటికి వెళ్లి వేరే పార్టీ పెట్టుకునేవారు. 1951లో ఆంధ్ర ప్రదేశ్ కాంగ్రెస్ సంఘ అధ్యక్ష పదవికి జరిగిన పోటీలో ఎన్.జి.రంగాను ఓడించి గెలిచింది ఈ సంజీవరెడ్డే. ఆ తరువాత రంగా, ప్రకాశం పంతులు కాంగ్రెస్‌ను వదిలి చెరొక దారి పట్టారు. సంజీవరెడ్డి రాజకీయ ఉన్నతికి అలాంటి ఒక ఓటే పునాది. పద్దెనిమిదేళ్ల తర్వాత పార్టీ ఓటుకు విలువ పోయినప్పుడు మొదట నష్టపోయినదీ ఆయనే.

చీలిక తర్వాత ఫలితాలు ఇందిర వైపే నిలిచాయి. 1971 మధ్యంతర ఎన్నికల్లో ఆమె కాంగ్రెస్‌కు 352 స్థానాలు, నిజలింగప్ప పక్షమైన సంస్థాగత కాంగ్రెస్‌కు 16 స్థానాలు వచ్చాయి. సంజీవరెడ్డి కూడా ఓడిపోయి ఇల్లూరులో వ్యవసాయం చూసుకున్నారు. ఇందిర విజయాన్ని ప్రజాతీర్పుగా అంగీకరించాలి. అయితే ఆ గెలుపు పార్టీలో ఏ స్థాయి ఎన్నిక వల్లా వచ్చింది కాదు కాబట్టి, ఏ స్థాయి నాయకుడికీ ఆమె రుణపడి లేరు. పార్టీ రాష్ట్ర నాయకత్వాలను ఎంచుకోవడానికి బదులు ఢిల్లీయే వాటిని నియమించడం మొదలుపెట్టింది.

దీని ఫలితం తెలుగువారికి ప్రత్యేకంగా తెలుసు. 1971లో కాసు బ్రహ్మానందరెడ్డి తప్పుకోగానే, సొంత వర్గమంటూ పెద్దగా లేని పి.వి.నరసింహారావును ముఖ్యమంత్రిని చేశారు. ఆయన ప్రతిభావంతుడు కాడని కాదు. ఎంపిక ఆయన ప్రతిభను బట్టి కూడా జరగలేదు, అధిష్ఠానం ఇష్టాన్ని బట్టి జరిగింది. 1978 నుంచి 1983 వరకు చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రామిరెడ్డి, కోట్ల విజయభాస్కరరెడ్డి వరుసగా మారారు. సీల్డ్ కవరులో ముఖ్యమంత్రి పేరు ఢిల్లీ నుంచి వస్తుందన్న మాట ఇంటింటా వినిపించింది. తెలుగువారి ఆత్మగౌరవం నినాదంతో 1982 మార్చిలో ఎన్.టి.రామారావు పార్టీ పెట్టి తొమ్మిది నెలల్లో అధికారంలోకి రావడానికి ఉన్న కారణాల్లో ఇది చాలా పెద్దది.

అదే బ్రహ్మానందరెడ్డి 1977 ఓటమి తర్వాత కాంగ్రెస్ అధ్యక్షుడై ఇందిరతో విభేదించారు. 1978 జనవరిలో పార్టీ మళ్లీ చీలింది. ఈసారి ఆమె ఎదుటి పక్షానికి రెడ్డి కాంగ్రెస్ అన్న పేరే వచ్చింది. రెండు నెలలైనా తిరగకముందే జరిగిన శాసనసభ ఎన్నికల్లో ఇందిరా కాంగ్రెస్‌కు 294లో 175 స్థానాలు వచ్చాయి, బ్రహ్మానందరెడ్డి పార్టీకి 30. ఎనిమిదేళ్ల వ్యవధిలో ఒకే పార్టీ ఒకే వ్యక్తి చుట్టూ రెండుసార్లు చీలడం, రెండుసార్లూ ఆమే గెలవడం తరువాతి తరం నాయకులకు ఒకే పాఠం నేర్పింది. అంతర్గత ఎన్నికలు గెలవడం కంటే జనాకర్షణ గల ఒక నాయకుడి పక్కన ఉండటమే క్షేమమని వారు గ్రహించారు. సంజీవరెడ్డి మాత్రం 1977లో నంద్యాల నుంచి గెలిచారు. రాష్ట్రంలోని 42 స్థానాల్లో 41 కాంగ్రెస్‌కు పోగా జనతాకు దక్కిన ఏకైక స్థానం అది. అదే ఏడాది ఆయన రాష్ట్రపతిగా ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు. 1980 జనవరిలో ఇందిరతో ప్రధానమంత్రిగా ప్రమాణం చేయించినది ఆయనే.

దాదాపు ఇరవై ఏళ్లపాటు కాంగ్రెస్‌లో సంస్థాగత ఎన్నికలు జరగలేదు. 1992 ఏప్రిల్‌లో పి.వి.నరసింహారావు అధ్యక్షతన తిరుపతిలో జరిగిన మహాసభలో కార్యవర్గ సభ్యులకు ఎన్నిక పెట్టారు. అర్జున్ సింగ్, శరద్ పవార్ వంటి వారు గెలిచారు. దళితులు, గిరిజనులు, మహిళలు ఒక్కరూ గెలవలేదన్న కారణం చూపి, గెలిచిన వారందరిచేత పి.వి. రాజీనామా చేయించి కార్యవర్గాన్ని తిరిగి నియమించారు. కారణం న్యాయమైనదే. ఎన్నిక ఎత్తివేయడం దానికి పరిష్కారమా అన్నది వేరు. రిజర్వు స్థానాలు పెట్టి మళ్లీ ఎన్నిక జరపవచ్చు. అర్జున్ సింగ్ వంటి తన ప్రత్యర్థి ఓట్లతో కార్యవర్గంలోకి వచ్చాడన్న సంగతి పి.వి. నిర్ణయంలో ఏ పాత్రా పోషించలేదని నమ్మడం నాకు కష్టం.

1969 మిగిల్చిన మరొక వారసత్వం న్యాయశాస్త్రంలో ఉంది. కాడెద్దుల గుర్తు తమదంటే తమదని రెండు పక్షాలూ ఎన్నికల సంఘానికి వెళ్లాయి. గుర్తును స్తంభింపజేయడంతో ఇందిర పక్షం ఆవుదూడ గుర్తుతో, సంస్థాగత కాంగ్రెస్ రాట్నం గుర్తుతో 1971 ఎన్నికలకు వెళ్లాయి. సాదిక్ అలీ కేసుగా పేరుపడిన ఆ వివాదంలో పార్టీ లక్ష్యాలు, పార్టీ నిబంధనావళి, మెజారిటీ అనే కొలమానాలను పరిశీలించి, చట్టసభల్లోనూ పార్టీ సంస్థల్లోనూ ఎవరికి మెజారిటీ ఉందో చూడటమే సరైనదని తేల్చారు. 1971 నవంబరులో సుప్రీంకోర్టు దానిని సమర్థించింది. అప్పుడు ఆ తీర్పు సబబే, ఎందుకంటే పార్టీ సంస్థల్లో ఎన్నికైన ప్రతినిధులు అప్పటికి ఉన్నారు. 2023 ఫిబ్రవరిలో శివసేన విల్లంబుల గుర్తు వివాదం వచ్చేసరికి పార్టీ నిబంధనావళి ప్రజాస్వామికంగా లేదని, పదవులన్నీ నియామకాలేనని ఎన్నికల సంఘం గుర్తించి, చట్టసభ సభ్యుల లెక్క మీదే ఆధారపడింది. 55 మంది ఎమ్మెల్యేలలో 40 మంది చీలిక పక్షం నాయకుడు ఏక్‌నాథ్ షిండే వైపు ఉండటంతో గుర్తు ఆయన పక్షానికి వెళ్లింది. 1995 ఆగస్టులో ఎన్.టి.ఆర్. చేతిలోంచి తెలుగుదేశం జారిపోయినప్పుడు కూడా లెక్క ఎమ్మెల్యేలదే. పార్టీ జెండా మోసినవారిని ఎవరూ అడగలేదు.

ప్రాంతీయ పార్టీలకు ఈ చర్చతో సంబంధం లేదనుకోవడానికి వీల్లేదు. 2022లో వైఎస్సార్ కాంగ్రెస్ తన అధ్యక్షుడిని శాశ్వత అధ్యక్షుడిగా ఎన్నుకున్నట్లు వార్తలు వచ్చినప్పుడు, అలాంటి శాశ్వత పదవి ప్రజాస్వామ్యానికి విరుద్ధమని ఎన్నికల సంఘం అభ్యంతరం చెప్పవలసి వచ్చింది. అదే ఏడాది అక్టోబరులో కాంగ్రెస్ అధ్యక్ష పదవికి పోటీ జరిగి మల్లికార్జున ఖర్గేకు 7,897 ఓట్లు, శశి థరూర్‌కు 1,072 ఓట్లు వచ్చాయి. అంకెల్లో అంతరం ఎంతున్నా ఓడినవారు పార్టీలోనే ఉన్నారు, కార్యాలయాలు రెండు కాలేదు. ఆ ఒక్క ఎన్నికను నేను నిజంగా హర్షించాను. నాలుగు నెలలకు రాయ్‌పూర్ మహాసభల్లో, కార్యవర్గానికి ఎన్నికలు అవసరం లేదని, సభ్యులను నియమించే అధికారం అధ్యక్షుడికే ఉంటుందని ఆ పార్టీయే నిర్ణయించుకుంది.